ఎర్రపాళెంలో విలాయతి పంపు

"ఇందుమూలంగా గుడియాత్తం తాలూకా జనానికి తెలియజేయడమేమనగా, రేపటి నుంచి మన తాలూకా ఇంగ్లండు దేశపు తాలూకా మాదిరిగానే నడవబోవుచున్నది!" అని 1913లో ఒక సంతరోజున దండోరా పడింది. విన్నవాళ్ళు వానలు కూడా ఆ దేశంలో మాదిరిగానే కురుస్తాయి కాబోలని సంతోషించారు.

ఇంతటి మహత్కార్యానికి పూనుకున్న పుణ్యాత్ముడు తాలూకా బోర్డు ప్రెసిడెంటు రావుసాహెబ్ దొరైస్వామి మొదలియారు. ఆయన చక్రవర్తిగారి పట్టాభిషేకం చూడ్డానికి సముద్రం దాటి లండనుకు పోయి, ముందు నిలబడ్డవాళ్ళ వీపులు తనివితీరా చూసి, మిగిలిన రోజులు ఆల్డర్‌కోంబ్ అనే పల్లెటూరి జిల్లాలో గడిపి వచ్చారు. ఆ జిల్లా చరిత్ర ఆయనకు కంఠతా వచ్చు. బోర్డు మీటింగు ఏ సంగతి మీద పెట్టినా ఆల్డర్‌కోంబులోనే తేలేది.

ఆ చరిత్రకు తల ఊపడంలో ఎర్రపాళెం మెంబరు సుబ్బరాయులు నాయుణ్ణి మించినవాడు లేడు. మీటింగులేమో ఇంగ్లీషులో. ఆయనకేమో ఇంగ్లీషు ముక్క రాదు. అందుకని ప్రెసిడెంటుగారి చెయ్యి లేచినప్పుడల్లా తన చెయ్యీ లేపేవాడు. పాపం, ఇంతవరకు ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు.

ఎర్రపాళెంలో మటుకు తాగడానికి చుక్క నీళ్ళు లేవు. ఆడవాళ్ళు పాలారు ఏటి దాకా నడిచి, ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపుకోవాలి. పోయిన వేసవిలో సుబ్బరాయులు కోడలు కమలాక్షి నిండు చూలాలై ఉండి, బిందెతో ఏటి ఒడ్డున జారిపడి బిడ్డను పోగొట్టుకుంది. బావి తవ్విస్తానని ఊరికి మాటిచ్చే ఆయన మెంబరయ్యాడు. గడపలో కాలు పెట్టగానే భార్య సరసమ్మ అడిగేది ఒకటే మాట.

"ఏమయ్యా, బావి యాడ?"

చివరికి ఒకనాడు ధైర్యం తెచ్చుకుని ప్రెసిడెంటుగారి దగ్గర నోరు తెరిచాడు.

"అయ్యా, మా వూరి బావి..."

"శాంక్షనయిపోయింది నాయనా! నాటుబావి కాదు, విలాయతి పంపు. పంపు కోసం ఆల్డర్‌కోంబులో మూడు పేటలవాళ్ళు నలభై ఏండ్లు కొట్లాడినారు. నీకు కొట్లాట లేకుండానే ఇస్తా ఉండా."

"మన చరిత్రలో అట్లాంటిది లేదే అయ్యా?"

"మనకు చరిత్ర యాడిదప్పా? అందుకే గదా వాళ్ళది తెప్పించినాను!"

మద్రాసు నుంచి రైల్లో ఇనుప పంపు దిగింది. దాన్ని నిలబెట్టవలసిన మేస్త్రీ తంగరాజ్ తల గోక్కుంటూ అడిగాడు.

"సామీ, బావి యాడ తవ్వేది?"

ప్రెసిడెంటుగారు జాలిగా నవ్వి, పంపుతో వచ్చిన అచ్చుకాగితం చదివి వినిపించారు. ముందు పైనుంచి నీళ్ళు పొయ్యాలి, తర్వాత పిడి కొట్టాలి, అప్పుడు నీళ్ళు వస్తాయి.

"విన్నావా? పైనించి పొయ్యమని ఇంగ్లీషులోనే ఉండాది. కింద తవ్వేది మన నాటు పద్ధతి. పోసిన నీళ్ళు భూమిలోకి ఇంకకుండా అడుగున సిమెంటు వేసెయ్!"

సిమెంటు వేశారు. బావికని పెట్టిన సొమ్ముతో నాపరాళ్ళ అరుగు కట్టి, ఆల్డర్‌కోంబ్ చరిత్ర చెక్కిన పాలరాతి పలక బిగించారు. ఇందులో ఏదో తిరకాసు ఉందని సుబ్బరాయులుకు తోచకపోలేదు. అడుగుదామనుకునేలోగా ప్రెసిడెంటుగారి చెయ్యి లేచింది.

ప్రారంభోత్సవానికి వేలూరు నుంచి కలెక్టరు దొర వచ్చాడు. సరసమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ తెల్లవారకముందే పాలారు నుంచి నీళ్ళు మోసుకొచ్చి పెట్టారు. ప్రెసిడెంటుగారు పంపు నెత్తిన రెండు బిందెలు కుమ్మరించి పిడి కొట్టారు. ఆహా, నీళ్ళు వచ్చాయి! ఒక బిందెడు వచ్చాయి. రెండో బిందెడు అరుగును చల్లబరిచాయి.

దొర టోపీ తీశాడు. వాళ్ళ ఊళ్ళో కూడా అచ్చం ఇట్లాగే పైన నీళ్ళు పోసి కొట్టేవారట. వాళ్ళ ఊరి పంపు కింద ఏముండేదో ఆయన ఎన్నడూ తొంగి చూడలేదు.

సరసమ్మ కొంగు బిగించి ముందుకు వచ్చింది.

"దొరా, ఇవి మేము పాలారులోనించి మోసుకొచ్చిన నీళ్ళే. రెండు బిందెలు పోస్తే ఒకటి వచ్చినాది. నా కోడలు ఈ నీళ్ళకు పొయ్యే కడుపులో బిడ్డను పోగొట్టుకునింది. మాకు బావి తవ్వించు సామీ!"

ఆమె ఏమంటోందని దొర అడిగాడు. పంపునీళ్ళు పాలారు నీళ్ళంత తియ్యగా ఉన్నాయట, పుట్టబోయే బిడ్డలకు తమరి పేరే పెట్టుకుంటారట అని ప్రెసిడెంటుగారు ఇంగ్లీషులో చెప్పారు. దొర ముఖం వికసించింది. సుబ్బరాయులుకు ఆ ఇంగ్లీషు అర్థం కాలేదు గానీ, చచ్చిన బిడ్డ కథ విని ఎవరూ అట్లా నవ్వరని మాత్రం తెలిసింది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో ప్రెసిడెంటుగారు చప్పట్లు కొట్టారు. సుబ్బరాయులు చేతులు కూడా కొట్టాయి.

వేలూరు నుంచి ఆర్డరు వచ్చింది. ఎర్రపాళెంలో నీళ్ళు సమృద్ధి గనుక అక్కడ బావి అవసరం లేదు. కే.వి.కుప్పంలోనూ పళ్ళికొండలోనూ ఇట్లాంటి పంపులే పెట్టాలి. పంపులో పొయ్యవలసిన నీళ్ళు ఆయా ఊళ్ళవాళ్ళే తెచ్చుకోవాలి. స్థానిక స్వపరిపాలన అంటే అదేనని ప్రెసిడెంటుగారు బోర్డు మీటింగులో ఆ ఒక్క మాటా తెలుగులోనే సెలవిచ్చారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ఆ సాయంత్రం సుబ్బరాయులు బోర్డు గుమాస్తాను అడిగి తెలుసుకుని, ఇంటికి పోయి సంగతంతా చెప్పాడు. లోపల కమలాక్షి ఏడుపు వినబడింది. సరసమ్మ ఏడవలేదు.

"దీనికి గూడా చెయ్యెత్తినావా?"

"ఎత్తినానే."

ఆమె ఖాళీ బిందె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అయితే ఆ చేత్తోనే దీన్ని గూడా ఎత్తు. రేపటినించి ఈ ఇంటి ఆడది ఏటికి పోదు."

వేసవి ముదిరింది. ఒక తెల్లవారుజామున సుబ్బరాయులు పాలారు ఇసకలో చెలమ వెతుక్కుంటూ పోతే, అక్కడ ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు తోడుతున్నాడు. చూస్తే కే.వి.కుప్పం మెంబరు గోవిందసామి.

"ఏమప్పా, నువ్వు గూడానా?"

గోవిందసామి చిప్ప ఆపలేదు.

"కలెక్టరు దొర మా పంపు చూసేదానికి వస్తా ఉండాడు నాయనా. కొంచెం అట్లా జరిగి కూచో. పళ్ళికొండ మెంబరుకు గూడా చోటు కావాల."