ఆగని ఇంజిను

కార్తీక మాసం వానలు పట్టుకుంటే చంద్రగిరిలో నీళ్లు తోడే పెట్రోలు ఇంజినుకు పనిలేదు. దాన్ని శుభ్రంగా సర్ది దాచాలని కిరాణా అంగడి బాలసుబ్రమణ్యం ఆ ఉదయం కాఫీ తాగుతూ నిర్ణయించాడు. నిర్ణయం ఆయనది, గడువు భార్య నాగవేణిది. పోయిన ఏడాది పెట్రోలుతోనే మూలన పెడితే అది లోపల జిగురై, ఎండాకాలంలో ఇంజిను కదలక, అరెకరం టమోటా తోట మాడిపోయింది.

"ఒంటిగంటకు పాత ఇనుము చిన్నబ్బ బండి తెస్తాడు. అప్పటికి సర్దింటే అది ఇంట్లో ఉంటాది. లేదంటే బండిలో ఉంటాది," అని నాగవేణి తేల్చేసింది.

మెకానిక్ చెప్పిన పద్ధతి సులువైనదే. పెట్రోలు అయిపోయి తనంతట ఆగేదాకా ఇంజినును నడపాలి. చల్లారాక ప్లగ్గు విప్పి చెంచాడు ఆయిలు పోసి, గుడ్డ కప్పి, పొడిచోట చెక్కమీద పెట్టాలి.

ట్యాంకులో ఇంకా లీటరు ఉంది. తీసి స్కూటరులో పోసుకుందామంటే అది కరెంటుది. లీటరు పెట్రోలును ఉత్తపుణ్యానికి కాల్చడానికి బాలసుబ్రమణ్యానికి చేతులు రాలేదు. అంగడి ముందు మోకాలిలోతు వాననీళ్లు నిలిచి ఉంటే పైపు అందులో వేసి తాడు లాగాడు. గంటకు గుంట ఎండింది, ఇంజిను దగ్గి ఆగింది. లెక్క సరిపోయిందనుకొని ప్లగ్గు విప్పే పానా కోసం లోపలికి వెళ్లాడు.

పానా దొరికేలోపే ఇంజిను మళ్లీ మోగింది. బయట దర్జీ జయరావు ఖాళీ సీసాతో నిలబడి ఉన్నాడు. తోడిన నీళ్లన్నీ పక్కనే నేలమాళిగలో ఉన్న అతని కుట్టు అంగడిలోకే దిగాయి.

"మిషన్లు మునిగిపోతా ఉండాయి అప్పా. నీ పెట్రోలు అయిపోయినట్టుండాదని నా బండిలోది పోసినాను."

తప్పు తనదే కాబట్టి బాలసుబ్రమణ్యం నీళ్లు పోయే పైపును ఈసారి వీధి కాలువలోకి తిప్పాడు. నేలమాళిగ ఎండాక ఇంజిను ఆగింది. ఆయిలు డబ్బా తెచ్చేసరికి మళ్లీ మోగుతోంది. ఈసారి పైపు ఎదురుగా మెస్సు నడిపే మునిరత్నమ్మ ఇంటి ముందు, వాన బురద చేరిన నీళ్ల సంపులో ఉంది. బాలసుబ్రమణ్యం పంచాయతీ ఎన్నికల్లో నిలబడుతున్నాడనీ, అందుకే వీధికంతా ఊరికే నీళ్లు తోడుతున్నాడనీ ఆమెకు ఎవరో చెప్పారట.

"మా ఇంట్లో నాలుగు ఓట్లు ఉండాయి నాయనా."

"నేను యాడా నిలబడలేదమ్మా."

"నామినేషను దాకా అందరూ అట్లే అంటారులే."

ఆయన కాదన్నకొద్దీ వీధి నమ్మకం గట్టిపడింది. పన్నెండున్నరకల్లా అంగడి ముందు పెట్రోలు సీసాలతో తొమ్మిదిమంది నిలబడ్డారు. ఒకరి పని ముగిసి ఇంజిను ఆగితే ఇంకొకరు నింపుతున్నారు.

సరిగ్గా ఒంటిగంటకు చిన్నబ్బ బండి వచ్చింది. నాగవేణి గడపలోకి వచ్చి, రొద చేస్తున్న ఇంజినును, చేతిలో పానాతో ఉన్న మొగుణ్ని చూసింది. బాలసుబ్రమణ్యం ఇంజిను మీద ఆశ వదులుకున్నాడు.

చిన్నబ్బ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు గానీ చెయ్యి వేయలేదు.

"దీన్ని నేను కొననక్కా. నా గోదాములో నడుములోతు నీళ్లుండాయి. ఒక పూట బాడుగకియ్యి."

నాగవేణి వరుసలోని సీసాలను ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది. ఇరవై రెండేళ్లు వ్యాపారితో కాపురం చేసిన మనిషి. లోపలికి వెళ్లి స్టూలు తెచ్చుకొని ఇంజిను పక్కన కూర్చుంది.

"పెట్రోలు మీది, గంటకు మూడు వందలు. ఓట్లు మీ ఇండ్లలోనే పెట్టుకోండి."

ఒక్కరూ వరుస వదలలేదు. దీపాలు పెట్టేవేళకు ఆఖరి సీసా కూడా ఖాళీ అయి ఇంజిను తనంతట ఆగింది. మాడిన తోట నష్టంలో కొంత ఒక్కపూటలో చేతికొచ్చింది. బాలసుబ్రమణ్యం ప్లగ్గు విప్పి ఆయిలు పోసి బిగించాడు. నాగవేణి తన చేత్తోనే గుడ్డ కప్పి ముడివేసి, వచ్చే వారం రెండో ఇంజిను కొందామంది.

అప్పుడే మళ్లీ వాన ఎత్తుకుంది. కల్యాణమండపం వాచ్‌మన్ తడుస్తూ వచ్చి తలుపు తట్టాడు, చేతిలో రెండు లీటర్ల సీసా ఉంది.

లెక్కప్రకారం ఆ ఏడాది ఇంజిను గుడ్డ కింద తీసుకున్న విశ్రాంతి పదకొండు నిమిషాలు.