కోచ్ స్ట్రౌడ్ వీడ్కోలు ఆట

ఆ శనివారం వెర్లిన్ స్ట్రౌడ్ పెట్టుకున్న పనులు రెండే. పొద్దున ఆఫీసు గది ఖాళీ చెయ్యాలి, మధ్యాహ్నం ఆట ఓడిపోకుండా చూడాలి. మొదటిది తేలికే. మర్నాడు ఆ గదిలో తివాచీ మారుస్తారు కాబట్టి సామానంతా బయటికి చేర్చాలి, అంతే. రెండోదే ఆయన చేతుల్లో లేదు. ప్రెయిరీ బెండ్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు వరసగా తొమ్మిది ఆటలు ఓడింది. ఇరవై రెండేళ్ళుగా పాతుకుపోయిన ఈ కోచ్‌ని ఇంకా ఎందుకు భరిస్తున్నారని అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరంతా అడుగుతూనే ఉంది. క్షౌరశాల హాలిస్ అయితే "స్ట్రౌడ్, ఇంటికి పో" అని దుప్పటి మీద రాసి, కొట్టు ముందే వేలాడదీశాడు.

దానికి తోడు గొంతు పోయింది. తొమ్మిదో ఓటమి నాడు ఆయన అరిచిన అరుపులు అలాంటివి. "సోమవారం దాకా నోరు తెరవకండి. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చేటు," అన్నాడు డాక్టరు. ఆ మాట విని భార్య మొరీన్, "ఈ డాక్టరుకి క్రిస్మస్‌కి పెద్ద కేకు పంపాలి," అని నవ్వుకుంటూ పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది.

స్ట్రౌడ్ గోడ మీది ఫొటోలు, ఎప్పుడో గెలిచిన, దుమ్ము పట్టిన కప్పులు అట్టపెట్టెల్లో సర్దాడు. నాలుగో పెట్టె మోసుకొస్తుంటే సెక్రటరీ ఆర్డిస్ ఎదురైంది. ఆఫీసులో ఎవరింట్లో పిల్లి ఈనినా మొదట ఆవిడకే తెలుస్తుంది.

"అయ్యో కోచ్! వెళ్ళిపోతున్నారా?"

ఆయన తల అడ్డంగా ఊపి, గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. పెట్టెలోంచి లేచిన దుమ్ముకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆర్డిస్ గుండె కరిగిపోయింది. ఆయన గబగబా పెట్టె దించి, కాగితం మీద "ఎక్కడికీ వెళ్ళడం లేదు" అని రాసి చూపించాడు.

"ఎక్కడికీ వెళ్ళడం లేదా?" ఆవిడ బావురుమంది. "ఇంకో ఉద్యోగమన్నా చూసుకోకుండా మానేస్తారా ఎవరైనా?" అని, కళ్ళు తుడుచుకుంటూ ఫోను దగ్గరికి పరిగెత్తింది.

పది గంటలకు ఊరి రేడియోలో, కోచ్ స్ట్రౌడ్‌కి ఇదే ఆఖరి ఆట అని చెప్పారు. పదకొండుకి ఆయనకు ఒంట్లో బాగాలేదన్నారు. పన్నెండయ్యేసరికి హాలిస్ కొట్లో గడ్డం గీయించుకుంటున్నవాళ్ళు, డాక్టర్లు ఆయనకు మూడు నెలలే గడువిచ్చారని తేల్చేశారు.

అప్పుడు వచ్చాడు లైల్ కుచార్. క్రీడా విభాగం డైరెక్టరు. వస్తూనే స్ట్రౌడ్‌ని కావలించుకున్నాడు.

"ఎంత పెద్ద మనసయ్యా నీది! నా నెత్తిన పాలు పోశావు. ఇదిగో చూడు." జేబులోంచి కవరు తీశాడు. "సోమవారం నీకిద్దామని ఉత్తరం రాయించుకున్నాను. ఎలా ఇవ్వాలిరా దేవుడా అని వారం రోజులుగా తిండి సయించలేదు. నువ్వే తప్పుకున్నావు!"

అప్పటికే కలం తీసి, "తివాచీ" అని రాయబోతున్న స్ట్రౌడ్ ఆగిపోయాడు. నిజం చెబితే తీసేస్తారు. చెప్పకపోతే మానేసినట్టే. ఇరవై రెండేళ్ళు ఈ నాలుగు పెట్టెల్లో పట్టేశాయా అనుకుంటే ఈసారి దుమ్ము లేకుండానే కళ్ళు తడిశాయి. ముందు ఆట కానిద్దామని కలం మూత పెట్టేశాడు.

బట్టలు మార్చుకునే గదిలో జట్టు పిల్లలంతా ముక్కులు చీదుతూ కూర్చున్నారు. కెప్టెన్ డెమారియన్ లేచి నిలబడ్డాడు.

"కోచ్, మీరు తిట్టకుండా ఇలా చూస్తుంటే మాకు భయంగా ఉంది. పోయేముందు ఒక్కసారి తిట్టండి. ఆ 'చెక్కమొద్దులు' అన్నా అనండి."

స్ట్రౌడ్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. అది చూసి ఆరున్నర అడుగుల డెమారియన్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆ ఏటి ఆటలన్నిటికీ సగం ఖాళీగా ఉన్న బెంచీలు ఆ రోజు కిక్కిరిశాయి. హాలిస్ అదే దుప్పటి తిరగేసి, వెనకవైపు "స్ట్రౌడ్, పోవద్దు" అని రాసి పట్టుకున్నాడు. ఆట మొదలైంది. ఎదుటిది ఆ ఏడు ఒక్కసారే ఓడిన జట్టు. పక్కనుంచి ఎవరూ అరవకపోవడంతో పిల్లలు మొదటిసారి కోచ్ వైపు కాక ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. చూసుకుని, బంతి అందించుకోవడం మొదలుపెట్టారు.

సగం ఆటకి ప్రెయిరీ బెండ్ ఆరు పాయింట్లు ముందుంది. కుచార్ ఆనందం పట్టలేక మైకు అందుకున్నాడు. ఎలాగూ పోతున్న మనిషే కదా అని పొగడ్తలో పిసినారితనం చూపలేదు.

"ఇలాంటి కోచ్ మనకు మళ్ళీ దొరకడు! నా చేతుల్లో ఉంటే ఇంకో మూడేళ్ళు కదలనిచ్చేవాణ్ణే కాదు!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

రెండు పాయింట్ల తేడాతో గెలిచారు. పిల్లలు స్ట్రౌడ్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. సరిగ్గా అప్పుడే కారు రేడియోలో ఊరి పుకార్లూ, కుచార్ పొగడ్తలూ అన్నీ విన్న మొరీన్ గుంపుని చీల్చుకుంటూ వచ్చింది.

"ఉద్యోగం మానేస్తూ పెళ్ళాంతో చెప్పక్కర్లేదా? మూడు నెలల్లో పోతూ కూడా చెప్పవా?"

భుజాల మీంచే ఆయన, ఆటలో ఎత్తుగడలు గీసే పలకని చంకలోంచి తీసి, పెద్ద అక్షరాలతో రాశాడు: "గదిలో తివాచీ మారుస్తున్నారు. అంతే."

మొరీన్ రెండుసార్లు చదివింది. కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత కుచార్ చేతిలో మైకు లాక్కుని, ఆ రాత అందరికీ చదివి వినిపించింది. "మా ఆయన ఎక్కడికీ పోవడం లేదు. పై లోకానికి అసలే కాదు. లైల్, మూడేళ్ళన్నావు కదా? నీ చేతుల్లో కాక ఇంకెవరి చేతుల్లో ఉందట?"

"మూడేళ్ళు! మూడేళ్ళు!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు జనం. కుచార్ జేబులో కవరుని తడుముకుని, దాన్ని ఇంకా లోపలికి తోసి, ఎంతో కష్టపడి నవ్వాడు.

సోమవారం సంతకాలయ్యాయి. ఒప్పందం మూడేళ్ళకు. అభిమానం మాత్రం తర్వాతి శనివారం సగం ఆట దాకానే నిలిచింది.