అనసూర్య వెడల్పు కాళ్లు

ఆ శుక్రవారం పొద్దున అనసూర్య పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసుకు పోయే దారిలో వరంగల్ మట్టెవాడలో ఆగి, తేలికపాటి తెల్ల టెన్నిస్ బూట్లు ఒక జత కొనుక్కోవాలి. ఆదివారం ఉద్యోగుల ఆటల పోటీలు. ఆడవాళ్ల పరుగులో గెలిచినవాళ్లు హైదరాబాదు పోటీలకు పోతారు. అనసూర్య అటెండరు. పోయినేడాది ఒట్టి కాళ్లతో ఉరికి, బూట్లేసుకున్న వాళ్లందరినీ వెనక పడేసింది. అది చూసి చప్పట్లు కొట్టాల్సింది పోయి, సూపరింటెండెంటు కిషన్ రావు ఈ ఏడు కొత్త రూలు పెట్టాడు. బూట్లు లేనివాళ్లు పరుగెత్తరాదు. ఆఫీసు మర్యాద పోతుందట. మర్యాద అరికాళ్లలో ఉంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"బూట్లే గద సారు. తొడుక్కొనే ఉరుకుత," అని అనసూర్య అందరి ముందూ అనేసి వచ్చింది.

అనడం తేలికే. చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కూర్చుని తొక్కుడు కర్రలు తొక్కిన పాదాలు అవి. వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. బూట్ల దుకాణం కట్టయ్య జత మీద జత తీశాడు. ఒక్కదాంట్లోనూ చిటికెన వేలు పట్టలేదు.

"ఏందమ్మా, ఇయ్యి కాళ్లా, చేటలా?"

"నా కాళ్లకేమైంది? నీ బూట్లే సన్నగున్నయ్. ఎవల కాళ్లు జూసి జేసిన్రు ఇయ్యి?"

"కంపెనోళ్లు జేస్తరు. నన్నడుగుతే?" అంటూ కట్టయ్య మగవాళ్ల జత దించాడు. వెడల్పు సరిపోయింది. ముందు బెత్తెడు ఖాళీ. బరువు చూస్తే రెండు ఇటుకలు.

"ఇయ్యి ఏసుకొని ఉరికితే ముందుగాల బూటు గెలుస్తది. ఎనుక నేనొస్త. వద్దు."

ఆఖరికి దూదిలా తేలికైన జత ఒకటి పొడవుకు కుదిరింది. వెడల్పుకు కుదరలేదు. అప్పుడు కట్టయ్య ఒక ఉపాయం చెప్పాడు. "శనగలు మూటగట్టి లోపట కుక్కు. నీళ్లు పొయ్యి. తెల్లారేటాల్లకు ఉబ్బి బూటును సాగదీస్తయ్. ఫికర్ జెయ్యకు."

"నీ మాట మీద తీస్కపోతాన. సాగకపోతే తెచ్చి నీ నెత్తిన పెడ్త."

సాగాయి. శనివారం పొద్దున బూట్లు ఆమె కాళ్లకు అతికినట్టు పట్టాయి. ఇంట్లోనే ఈ గోడ నుంచి ఆ గోడకు ఉరికి చూసుకుంది. శనగల మూటలు కోళ్లకు వేద్దామని గోడ గూట్లో పెట్టింది. తడి బూట్లను భర్త పెద్దులు చేతిలో పెట్టి, "జర ఆరబెట్టు. మళ్ల బిగుసుకోవద్దు, గిట్లనే నిలబడాలె," అని చెప్పి ఆఫీసుకు పోయింది.

పెద్దులు నేతగాడు. సాగిన గుడ్డ సాగినట్టే నిలబడాలంటే నేతగాడు ఏం చేస్తాడు? గంజి పెడతాడు. పొయ్యి మీద పడుగు నూలుకు పట్టించే గంజి కుతకుతమంటూనే ఉంది. రెండు బూట్లనూ అందులో నిండా ముంచి తీశాడు. మబ్బు పట్టిందని పొయ్యి పక్కనే పెట్టాడు. చేసిన పనికి తనను తానే మెచ్చుకున్నాడు.

కేసముద్రంలో కూతురింటికి పోయిన అత్త మొగిలమ్మ ఆ సాయంత్రమే దిగింది. గూట్లో నానిన శనగలు చూసి, కోడలికి ఎంత ముందుచూపు వచ్చిందోనని మురిసిపోయింది.

ఆదివారం పొద్దున అనసూర్య బూటు పైకెత్తింది. పైభాగం చేతికి వచ్చింది. వేడికి జిగురు ఊడి, రబ్బరు అడుగు నేల మీదే ఉండిపోయింది. రెండోదీ అంతే.

"ఏం జేసినవయ్యా!"

"నిలబడాలన్నవు. నిలబడ్డయ్ జూడు."

"పైది నిలబడ్డది. కిందిది పండుకున్నది!"

పెద్దులు మొహం వేలాడేసుకున్నాడు. "తప్పయింది. ఇగ పోవుడెందుకు తియ్. వచ్చేడు జూద్దాం."

"వచ్చేడు టోపీ ఉండాలంటరు. ఆ మీదేడు ఇంగ్లీషు రావాలంటరు. నేను ఇయ్యాల్నే ఉరుకుత!" అంటూ ఆమె ఆ అట్టల్లాంటి పైభాగాలను కాళ్లకు తొడిగి తాళ్లు బిగించి కట్టింది. పైనుంచి చూస్తే కొత్త బూట్లు. కింద తన అరికాళ్లు. ఇంతకంటే తేలికైన టెన్నిస్ బూట్లు వరంగల్‌లో మరెక్కడా లేవు.

మైదానంలో కిషన్ రావు బల్ల వెనక కూర్చున్నాడు. బల్ల మీది తెల్లగుడ్డ నేల దాకా వేలాడుతోంది. నలుగురికీ ఆదర్శంగా ఉండాలని ఆయనా కొత్త టెన్నిస్ బూట్లు వేసుకొచ్చాడు. మెడ సాచి అనసూర్య కాళ్లు చూశాడు.

"ఊఁ. ఇప్పుడు మనిషిలా ఉన్నావు."

"మొన్నటిదాంక ఏం లెక్కున్న సారు?"

అంతలో మొగిలమ్మ డబ్బా పట్టుకుని వచ్చింది. "సారూ, జర గుగ్గిళ్లు తినుండ్రి. మా కోడలు నానబెట్టిన శనగలే."

అనసూర్య డబ్బాలోకి చూసింది. అవి బూట్లో నానిన శనగలే. కిషన్ రావు గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. మరో గుప్పెడు అందుకున్నాడు.

"భేష్. ఏదో కొత్త రుచి ఉందమ్మా!"

ఈల మోగింది. అనసూర్య ఉరికింది. నేల కాలికి తగులుతుంటే ఆమెకు అడ్డం ఎవరు? టైపిస్టు నిర్మల బాగానే ఉరికింది గాని అందుకోలేకపోయింది. గీత దాటి పక్కనే కూలబడి, రొప్పుతూ అనసూర్య కాళ్ల వైపు చూసి గట్టిగా అనేసింది.

"అక్కా! నీ బూట్లకు అడుగులేయి?"

అందరూ విన్నారు. కిషన్ రావు ఎగిరి లేచాడు. "మోసం! ఇది చెల్లదు! నిర్మలే ఫస్టు!" అని అరుస్తూ బల్ల వెనక నుంచి మైదానం మధ్యకు పరుగెత్తుకొచ్చాడు.

జనం ఆయన మొహం చూడలేదు, కాళ్లు చూశారు. కాళ్లకు ఏమీ లేవు. కొత్త బూట్లు కరిస్తే ఎప్పుడో విప్పి బల్ల కింద దాచాడు. మడమల మీద బొబ్బలు మెరుస్తున్నాయి.

"సారు, మీ బూట్లేయి?" అంది అనసూర్య.

"అవి... కొంచెం ఇరుకు."

"నాయి ఇరుకైతే తప్పు నా కాళ్లదైంది. మీయి ఇరుకైతే తప్పు బూట్లదా? నాకు సగమన్న ఉన్నయ్ సారు, మీకు అసలే లెవ్వు. ఇప్పుడు మర్యాద ఎవలది పోయింది? ఎవల్ని తీసేద్దాం, చెప్పుండ్రి!"

నిర్మల లేచి నిలబడింది. "నాకు ఓడి గెలుసుడొద్దు సారు. అక్కనే పోవాలె హైదరాబాద్."

మైదానం ఈలలతో దద్దరిల్లింది. కిషన్ రావు వేడి నేల మీద కాలు మార్చి కాలు వేస్తూ, అనసూర్యే ఫస్టని గొణిగాడు. "ఇనపడ్తలేదు సారు!" అని వెనక నుంచి పెద్దులు కేక వేస్తే, మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

రూలు మరునాడే పోయింది. అనసూర్య హైదరాబాదులో ఒట్టి కాళ్లతోనే ఉరికింది. కిషన్ రావు మాత్రం ఆ గుగ్గిళ్లకు అంత రుచి ఎలా వచ్చిందని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.