పెరటాసిలో మూడు గుడ్లు

ధనశేఖర్ ఆ సోమవారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు రూపశ్రీ రోజూ మూడు ఉడకబెట్టిన గుడ్లు తినాలి. ఆ సంగతి తన తల్లి రంగనాయకమ్మకు తెలియకూడదు. అంతకంటే పెద్ద పథకాలు వేసే ఓపిక అతనికి ఎప్పుడో పోయింది. తెల్లవారి ఐదున్నరకు పుత్తూరులో కంపెనీ బస్సెక్కి శ్రీ సిటీకి పోవడం, అక్కడ ఎనిమిది గంటలు మిషను ముందు నిలబడటం, సాయంత్రం ఏడుకు అదే బస్సు దిగడం. నిద్రలో కూడా ఈ మనిషి నిలబడే ఉంటాడని భార్య హేమశ్రీ అంటుంది.

గుడ్ల విషయంలో తల్లికి భయపడటానికి కారణం, ముందురోజే తిరుమల దేవుడి నెలగా పాటించే పెరటాసి మొదలు కావడం. ఆ నెలంతా ఆ ఇంట్లో నీసు అడుగు పెట్టదు. రంగనాయకమ్మ ఇల్లు కడిగి, కోడికూర వండే గిన్నెలను అటకెక్కించి, ఫ్రిజ్‌లో మిగిలిపోయిన రెండు గుడ్లను ఎదురింటివాళ్ళకు ఇచ్చేసింది. నాలుగు తిరుమల శనివారాలూ ఇంటిల్లిపాదికీ ఒక్కపొద్దే. దేవుడి ముందు ఆకుల్లో అన్నం రాశి పోసి తళిగ వేశాకే ఎవరి నోట్లోకైనా మెతుకు పోయేది.

ఆ ఒక్కపొద్దుతోనే వచ్చింది చిక్కు. పోయిన ఏడాది తిరుపతిలో ఎనిమిది వందల మీటర్ల పరుగుకు జిల్లా ఎంపిక సరిగ్గా తిరుమల శనివారం నాడు పడింది. రూపశ్రీ ఖాళీ కడుపుతో పరిగెత్తింది. అందరికంటే ముందుంది. ముగింపు గీత ఇంకా అరవై మీటర్లు ఉందనగా కళ్ళు తిరిగి ట్రాక్ మీదే కూర్చుండిపోయింది. ధనశేఖర్‌కు సెలవు దొరకలేదు కనుక ఫోనులో చూశాడు. ఆరుగురు పిల్లలు తన బిడ్డను దాటుకుని పోవడం చూశాక, అతనికి ఆ ఫోనంటేనే కొన్నాళ్ళు కోపం వచ్చింది. ఇప్పుడు రూపశ్రీకి పదిహేనేళ్ళు, పదో తరగతి. ఈసారి ఎంపిక మూడో శనివారం దాటిన సోమవారం. ఇదీ పోతే పరుగు చాలించి చదువు చూసుకోవాలని ఇంట్లో ముందే ఒప్పందం.

డ్రిల్లు మాస్టరు గిరిప్రసాద్ ఆ మధ్య ఒకరోజు తెల్లవారే తల్లిదండ్రులను గ్రౌండుకు పిలిచి చెప్పాడు. పరిగెత్తే పిల్లలకు పస్తులు పనికిరావు, వేళకు తినాలి, మాంసకృత్తులు ఉండాలి అన్నాడు. ఏమేం తినాలో చదవడం మొదలుపెట్టాడు. జాబితాలో మొదటి మాట గుడ్డు. రెండో మాట వినేలోపల బయట కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ధనశేఖర్ పోషకాహార విజ్ఞానమంతా ఆ ఒక్క మాటతో ఆగిపోయింది.

గ్రౌండుకు ఎదురుగా తాయమ్మ ఇడ్లీ కొట్టు ఉంది. ధనశేఖర్ బస్సుకు పోతూ అక్కడ ఆగాడు.

"తాయమ్మక్కా, దినామూ మూడు గుడ్లు ఉడకబెట్టి డబ్బాలో పెట్టు. పాప గ్రౌండుకు వచ్చి తీసుకుంటాది."

"మాకు పెరటాసి లేదులే నాయనా, మేం చర్చికి పొయ్యేవాళ్ళం. మీయమ్మ అడిగితే మాత్రం నన్ను ఇరికించద్దు."

కూతురికి ఆ సాయంత్రమే పెరట్లో చెప్పాడు. ఆ పిల్ల ముఖం మార్చింది.

"నాయనా, నేనొకటి చెప్పాల. అవ్వ నాకు..."

"అవ్వ సంగతి నేను చూసుకుంటా. నువ్వు తిను, పరిగెత్తు."

"అది కాదు నాయనా, సారు కూడా..."

"సారు చెప్పింది నేనూ విన్నా. ఇంక మాట్లాడద్దు."

మర్నాటినుంచి రోజూ సాయంత్రం తండ్రీకూతుళ్ళ మధ్య గుట్టుగా రెండు మాటలు నడిచేవి. "అయినాయా?" అని ఇతను అడిగేవాడు. "మూడూ అయినాయి" అని ఆ పిల్ల తలవంచుకుని చెప్పేది. కడుపులో చల్ల కదలకుండా రెండు వారాలు గడిచాయి. ధనశేఖర్ జీవితంలో ఏ పథకమూ అన్నాళ్ళు నిలబడలేదు. అప్పుడే అనుమానం రావలసింది, కానీ అనుమానించడానికి కూడా ఓపిక కావాలి.

ఈ ఏడు పెరటాసి అందరికంటే బాగా కలిసొచ్చింది అతని తండ్రి గురప్పకు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నోట్లో నికరంగా మిగిలినవి మూడు పళ్ళు. ఏటా రెండో వారానికల్లా గుగ్గిళ్ళు నమల్లేక ఉసూరుమనేవాడు, ఈసారి మనవరాలికి తోడుగా రోజూ తెల్లవారి గ్రౌండుకు నడిచి వెళ్ళి, ముఖం కళకళలాడుతూ తిరిగి వస్తున్నాడు. "నియమంగా ఉంటే దేవుడే బలం ఇస్తాడప్పా" అని అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళకు బోధించేవాడు.

మూడో వారం మంగళవారం నాడు గురప్ప బంధువును పరామర్శించడానికి నగరికి వెళ్ళాడు. ఆ సాయంత్రం ధనశేఖర్ బస్సు దిగగానే తాయమ్మ డబ్బా చేతిలో పెట్టింది. "పాప ఈ పొద్దు తీసుకోలేదు నాయనా" అంది. అతను దాన్ని సంచిలో పడేసుకుని ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. ఆ రెండు నిమిషాల్లో రంగనాయకమ్మ కడగడానికని క్యారియరు కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

ఇల్లంతా నడింట్లో చేరింది. అప్పుడే నగరి నుంచి వచ్చిన గురప్ప కూడా చేరాడు. మధ్యలో డబ్బా. డబ్బాలో మూడు గుడ్లు.

"ఇదేందిరా?" అంది రంగనాయకమ్మ.

ధనశేఖర్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. నిజం చెబితే పిల్ల తిండి ఆగిపోతుంది. ఎంపికకు ఇంక ఆరు రోజులే ఉంది.

"నాకేమ్మా. డాక్టరు తినమన్నాడు."

"ఏం రోగం?"

"ఎముకల్లో బలం లేదంట."

ఈ మాట ఇంకే ఊర్లో చెప్పినా అక్కడితో పోయేది. ఎముక అనగానే వీధికొక వైద్యుడు లేచి నిలబడే పుత్తూరులో చెప్పాడు. హేమశ్రీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాతో ఒక్క మాట అనలేదే" అని ముక్కు చీదింది. రూపశ్రీ "నాయనా, నేనొకటి..." అని ముందుకొచ్చింది. "నువ్వు లోపలికి పో, చదువుకో" అని అతను కసిరాడు.

తీర్పు చెప్పే బాధ్యత గురప్ప తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"రోగమైతే రోగం. పెరటాసిలో గుడ్డు గుడ్డే. నా వంశంలో ఎవురూ చెయ్యని పని చేసినావు. శనివారం నామం పెట్టుకొని, చెంబు పట్టుకొని, ఏడు వీధులు గోవిందా అంటా తిరిగి బియ్యం తేవాల. ఆ బియ్యంతోనే తళిగ."

"తాతా!" అంది రూపశ్రీ గుమ్మం దగ్గరినుంచి.

గురప్పకు గట్టిగా దగ్గు వచ్చింది. రంగనాయకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఆమె భుజాలు కదలడం అందరికీ కనిపించింది. "సూడు, అత్తను ఎట్ల ఏడిపించినావో" అని హేమశ్రీ మొగుణ్ణి ఉరిమి చూసింది.

మర్నాడు సాయంత్రం అతన్ని కట్లు కట్టే మునివెంకటప్ప దగ్గరికి తీసుకుపోయారు. దూరపు చుట్టం, నిజాయితీపరుడు. ధనశేఖర్ రెండు చేతులూ ఒత్తి చూసి పెదవి విరిచాడు.

"వదినా, వీనికేం లేదు. ఎముక ఇనుము మాదిరి ఉండాది. నిద్ర చాలక నీరసం, అంతే."

"అయినా కట్టు. డాక్టరు సెప్పినాడంట గదా" అంది రంగనాయకమ్మ, కొడుకు ముఖంలోకి సూటిగా చూస్తూ. "ఏమిరా, సెప్పినాడా, సెప్పలేదా?"

"చెప్పినాడు" అన్నాడు ధనశేఖర్.

మునివెంకటప్ప నిట్టూర్చి ఆకు పసరు తీశాడు, వెదురు బద్దలు తీశాడు, చివరికి ఒక గుడ్డు తీసి పగలగొట్టి తెల్లసొన గుడ్డకు పట్టించాడు.

"అత్తా, గుడ్డు!" అని హేమశ్రీ కేక వేసింది.

"లోపలికి పోతే తప్పు గానీ, పైన పూస్తే తప్పేముండాది" అని రంగనాయకమ్మ శాస్త్రం తేల్చేసింది. ఎడమ చేతికి మోచేతినుంచి మణికట్టు దాకా కట్టు పడింది. పద్దెనిమిది రోజులు విప్పకూడదు, తడపకూడదు.

గురువారం కంపెనీ గేటులో సూపర్‌వైజరు ఆ కట్టు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "నా లైన్లో తగిలిందని మాత్రం రాయద్దు సామీ" అని బతిమాలి, నయమయ్యేదాకా రావద్దని వెనక్కి పంపేశాడు. పోయిన ఏడు కూతురి పరుగు కోసం కాళ్ళావేళ్ళా పడినా ఒక్క రోజు సెలవు దొరకలేదు. ఇప్పుడు లేని జబ్బుకు అడగకుండానే దొరికింది. ధనశేఖర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కష్టమైన పనులే కనుక తిరుగు బస్సులో నిద్రపోయాడు.

శనివారం నుదుట మూడు గీతల నామంతో, కుడిచేత చెంబుతో, ఎడమచేత కట్టుతో గోవిందా అంటూ బయలుదేరాడు. ఆ నెలలో నామం పెట్టుకుని గుమ్మం ముందు నిలబడటం ఆ ఊళ్ళో గౌరవమైన పనే. కానీ కట్టు, పీక్కుపోయిన ముఖం, పనిదినాన వీధిలో తిరగడం, ఈ మూడూ కలిసి వేరే కథ చెప్పాయి. రెండో వీధిలో ఒక పెద్దామె రెండు దోసిళ్ళు పోసి "కంపెనీలో తీసేసినారంట గదా నాయనా" అంది. నాలుగో వీధికి చెయ్యి మిషన్లో పడిందన్నారు. ఆరో వీధికి ఆ పుకారు మరీ ముదిరింది. అక్కడ ఒకాయన బియ్యంతోపాటు పాత చొక్కా కూడా ఇచ్చాడు. ధనశేఖర్ కాదనలేదు. కాదంటే వివరం చెప్పాలి.

సోమవారం ఉదయం అందరూ ఆర్టీసీ బస్సులో తిరుపతి వెళ్ళారు. పరుగుకు ఇంకా మూడు గంటలుండగా రంగనాయకమ్మ సంచి విప్పి మనవరాలి ముందు ఇడ్లీలు, పెరుగు, ఒక అరటిపండు పెట్టింది. "ఇంతే. కొత్తది ఏదీ తినద్దు. నీళ్ళు కొంచెం కొంచెం తాగతా ఉండు" అంది. ఇదంతా అమ్మకు ఎట్లా తెలుసో ధనశేఖర్‌కు అర్థం కాలేదు, అడిగే స్థితిలోనూ లేడు. అతని కళ్ళ ముందు పోయిన ఏటి అరవై మీటర్లే కదులుతున్నాయి.

తుపాకీ పేలింది. మొదటి చుట్టులో రూపశ్రీ ఐదోది. రెండో చుట్టు మలుపులో మూడోది. చివరి నూరు మీటర్లలోకి వచ్చేసరికి ధనశేఖర్ కళ్ళు మూసుకున్నాడు. "రేయ్, సూడరా, సూడు!" అని గురప్ప వీపు మీద చరిచాడు. కళ్ళు తెరిచేసరికి బిడ్డ గీత దాటి, నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీలుస్తోంది. రెండో స్థానం. పడలేదు. రాష్ట్ర పోటీలకు పేరు రాసుకున్నారు. ధనశేఖర్ కట్టు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"అంతా గుడ్ల బలం సార్" అన్నాడు దగ్గరికొచ్చిన గిరిప్రసాద్‌తో, ఇంక దాచలేక.

"ఏ గుడ్లప్పా?" అన్నాడు డ్రిల్లు మాస్టరు. "పాప పెరటాసి అంటే నేనే వద్దన్నా. గుడ్డు లేకపోతే ఏమేం తినాల్నో జాబితాలో ఉండాది గదా. అలసందలు, చెనిక్కాయలు, రాగి సంగటి, పాలు, పెరుగు. నెల పుట్టకముందే మీయమ్మ బడికొచ్చి రాయించుకొని పాయె. వేళ తప్పకుండా పెట్టినాది."

ధనశేఖర్ కూతురి వైపు తిరిగాడు. "అదే నాయనా నేను చెప్పాలనింది" అంది రూపశ్రీ. "శనివారాలు గూడా అవ్వ నాకు అన్నం పెట్టినాది. నా ఒక్కపొద్దు తనే ఉంటానని బుధవారాలు గూడా పస్తు ఉండాది."

అతను తల్లి ముఖం చూశాడు. మూడు వారాలుగా చూడనే లేదు. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. పోయిన ఏడాది ఆ ట్రాక్ మీద కూలబడిన పిల్లను తానొక్కడే మనసులో మోస్తున్నాననుకున్నాడు. కాసేపటికి గానీ అసలు ప్రశ్న తోచలేదు.

"మరి ఆ గుడ్లు ఎవురు తినింది?"

రూపశ్రీ తాత వైపు చూసింది. గురప్ప మాత్రం తేలుకుట్టిన దొంగలా ఆకాశంలో రేణిగుంట వైపు పోతున్న విమానాన్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"మీ నాయనే" అంది రంగనాయకమ్మ, పెద్దాయనకు వినపడకుండా. "పాప మొదటి దినమే సెప్పింది. పారేస్తే నువ్వు బాధపడతావని తాతకు పెట్టింది. పండ్లు లేని మనిషి, గుగ్గిళ్ళు యాడ నములుతాడు? పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్ల తాగనీలే అనుకున్నా. ఆ పొద్దు ఆయన తీర్పు సెప్తా ఉంటే నవ్వు ఆగక లోపలికి పోయినా."

"తినినోన్ని వదిలేసి నాకెందుకుమా నామం?"

"ఆయన తిన్నాడు గానీ అబద్ధం సెప్పలే. నువ్వు తినకనే సెప్పినావు. నన్ను నమ్మి ఒక్క మాట అడిగినావా? ఎంత దూరం పోతాదో సూద్దామనుకున్నా. మునివెంకటప్ప దాకా పోయింది."

తిరుగు బస్సులో ఆమె కొడుకు పక్కన కూర్చుని, పెరటాసి దాటాక తాయమ్మకు ఏం చెప్పాలో చెప్పింది. రాష్ట్ర పోటీల దాకా పాపకు రోజూ రెండు గుడ్లు, మాస్టరును అడిగే చెబుతోంది. ముసలాయనకు ఒకటి, లేకపోతే మోకాళ్ళు పట్టుకుంటాయి. ధనశేఖర్ అన్నిటికీ తల ఊపాడు. కట్టు విప్పడానికి ఇంకా పన్నెండు రోజులు ఉంది.