చారిత్రక దుప్పటి

నవంబరు పదకొండు. ఒక ఉడికించిన గుడ్డూ, రెండు రొట్టెముక్కలూ తిని, పెద్దాయన తన ఎర్ర దుప్పటి ఉతికి బాల్కనీలో ఆరేశారు. నగర చరిత్రలో అదొక మహత్తర ఘట్టమని ఆయనకు గాని, దుప్పటికి గాని ఆ పూట తెలియదు.

సాయంత్రం పక్కవాటా పళ్ళ డాక్టరు వచ్చి, ఆయన గదిలోంచి పాత వంతెన మీద సూర్యాస్తమయాన్ని ఫోటో తీసుకున్నాడు. బంగారు నది, నల్లని వంతెన, మధ్యలో ఎర్ర దుప్పటి. ఫోటోకి బహుమతి రావడంతో ఊరు ఊరంతా ఆ గదికి కదిలింది. నగరపాలక సంస్థ తక్షణమే స్పందించి దుప్పటిని వారసత్వ సంపదగా ప్రకటించింది. తీయరాదు, మడవరాదు, కప్పుకోరాదు. పెద్దాయనకు తన సొంత ఇంట్లోకి వెళ్ళడానికి ఉచిత పాసు ఇచ్చి తన ఉదారతను చాటుకుంది. చలికాలం. ఆయన రెండు తువ్వాళ్ళు కప్పుకుని, అవి అందని పాదాలకు పాత చొక్కా చుట్టుకున్నారు. చొక్కా వెచ్చగానే ఉంది, పాపం.

దుప్పటికి చిల్లు పడిందని తెలిసి ముగ్గురు ఇంజనీర్లు పరుగున వచ్చారు. వంతెన మూడో స్తంభానికి పగులుందని పెద్దాయన నాలుగేళ్ళుగా మొత్తుకుంటున్నారు. నర్సుగా పని చేసే ఆయన కూతురు రోజూ ఆ వంతెన మీదుగానే ఇల్లు చేరాలి.

"అన్నిటికీ తొందరపడితే ఎలా బాబాయిగారూ?" అన్నాడు పెద్ద ఇంజనీరు, చిల్లుకు మాసిక వేయిస్తూ.

మేయరుగారు వంతెన మీదే సభ పెట్టారు. "ఈ వంతెన మన గతం. ఆ దుప్పటి మన భవిష్యత్తు," అన్నారు. చప్పట్లకు వంతెన కూడా కాస్త వణికింది.

ఆ సభలో కట్టిన, బహుమతి ఫోటో ఉన్న పెద్ద పోస్టరు చూశాకే పెద్దాయనకు విషయం బోధపడింది. దుప్పటి వేలాడుతున్నది సరిగ్గా మూడో స్తంభానికి అడ్డంగా.

మర్నాడు సాయంత్రం, గది నిండా జనం ఉండగా, ఆయన నిదానంగా వెళ్ళి దుప్పటి లాగేశారు. పగుల్లోంచి అవతలి సూర్యుడు కనిపించాడు. అందరూ నోళ్ళు తెరిచారు. పెద్దాయన గుండె ఉప్పొంగింది. ఇన్ని కళ్ళు, ఇన్ని కెమెరాలు. ఇక పగులు లేదనడం ఎవరి తరం?

"తాతగారూ, అది మళ్ళీ అడ్డం పెట్టరూ? ఫోటోలో పగులు పడుతోంది," అందొక అమ్మాయి.

"పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకమ్మా," అన్నాడు ఆమె మామయ్య, మర్యాద తెలిసిన మనిషి. "ఫోన్లో చెరిపేస్తే పోతుంది."

అందరూ పగులును చెరిపేశారు. ఆ ఫోటో మీ దగ్గరా ఉండే ఉంటుంది. చాలా అందంగా ఉంటుంది.

చీకటి పడ్డాక కూతురు వంతెన దాటి వచ్చింది. పెద్దాయన ఆమె భుజాల చుట్టూ దుప్పటి కప్పి, తలుపు మెల్లగా మూశారు.