గుట్ట మీద నిలబడేవారూ, కూర్చునేవారూ

దేవుడి దగ్గరికి వెళ్లే దారికి కంచె వేయడాన్ని మించిన పుణ్యకార్యం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నవ్వకండి! మా గుట్టకు ఈ భాగ్యమంతా ఒక్క మాటతో పట్టింది. ఆ మాట ‘వాటా’.

పోయిన ఏడాది గుట్ట కమిటీ మీటింగులో మా వీధి కుట్టుమిషను పిన్ని లేచి మైకులో ఏదో అడిగింది. మైకు కుయ్యోమంది. ‘మాకు వాటా కావాలి’ అన్నట్టు హాలంతటికీ వినిపించింది. ఆమె మళ్లీ నోరు తెరిచేలోగా, అవతలి మతం పెద్దమనిషి టైర్ల షాపు బాబాయి గాలి కొట్టిన ట్యూబులా లేచాడు.

“వాటాల దాకా వచ్చారన్నమాట. అయితే మా వాటా ముందు తేల్చండి.”

తేల్చారు. ఇంకా తేలుస్తూనే ఉన్నారు.

గుట్ట మీద ఉన్నది ఒకటే గది. అందులో ఎప్పటివాడో ఒక పుణ్యాత్ముడి సమాధి. ఆయన మావాడంటే మావాడని రెండు మతాలవాళ్లూ అంటారు. ఒకరు నిలబడి ప్రార్థిస్తారు, ఒకరు కూర్చుని. ఇన్నాళ్లూ ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వెళ్లేవారు. కిటికీలోంచి ఎండ పడితే, నిలబడ్డవాళ్లు కాస్త జరిగి కూర్చున్నవాళ్లకు నీడ పట్టేవారు. ఎంత అనాగరికం!

ఇప్పుడో? గుట్ట వ్యవహారం చూసే సర్కారు ఆఫీసరుగారు వంతులు పెట్టారు. పొద్దున నిలబడేవారి వంతు, సాయంత్రం కూర్చునేవారి వంతు. వంతులొచ్చాక పంతాలు రాకుండా ఉంటాయా? గోడు చెప్పుకునే చోట గోడ లేకపోతే ఏం బాగుంటుంది? ఇనుప కంచె వచ్చింది, గేటు వచ్చింది, గేటుకో గార్డు వచ్చాడు. మూడు కెమెరాలు పెట్టారు. నిలబడేవాళ్లు కూర్చోకుండా ఒకటి, కూర్చునేవాళ్లు లేవకుండా ఒకటి. మూడోది ఆ రెండింటి మీద నిఘాకు.

మోకాళ్ల నొప్పితో అర నిమిషం చతికిలబడ్డ ఒక నిలబడే భక్తుడికి నోటీసొచ్చింది, మతం మారారా అని. కూర్చున్నవాళ్లు ప్రార్థనయ్యాక లేవకుండా ఇంటికెళ్లడం ఎలా అన్నదానిపై సబ్‌కమిటీ కూర్చుంది. అదింకా లేవలేదు.

సమాధిలో ఉన్నాయన ఏమంటాడని మాత్రం అడక్కండి. సమాధానం మనం చెప్పాలి గానీ, సమాధి చెబుతుందా?

అంతా బాగానే ఉంది. ఒక్క పెద్దమ్మే కుదరలేదు.

పెద్దమ్మ అంటే కుట్టుమిషను పిన్నికి సొంతక్క. పుట్టుక నిలబడే మతంలో, రెండేళ్లుగా బతుకు చక్రాల కుర్చీలో. వారం వారం గుట్టెక్కిన మనిషి. పోయేలోగా ఇంకొక్కసారి ఆ సమాధి రాయి మీద చెయ్యి పెట్టాలని ఆమె కోరిక. మొన్న నలుగురు కూలీలు కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. గేటు దగ్గర గార్డు ఎంతో మర్యాదగా ఆపాడు.

“మీరు కూర్చున్నారు కదమ్మా. కూర్చునేవారి వంతు సాయంత్రం.”

సాయంత్రం దాకా ఎండలో ఉన్నారు అక్కాచెల్లెళ్లు. సాయంత్రం గార్డు రిజిస్టరు తిరగేసి, మీరు నిలబడేవాళ్ల మనిషి, పొద్దున రండి అన్నాడు. గార్డును తప్పుపట్టకండి. అతనికి కూర్చోవడానికి స్టూలు కూడా లేదు.

పెద్దమ్మ చెల్లెలి వైపు తిరిగింది. “నన్ను పడుకోబెట్టి తెస్తే ఎవరి వంతులో పంపిస్తాడో అడగవే.”

నిన్న మళ్లీ మీటింగు. పిన్ని అక్క కుర్చీని తోసుకొచ్చి చివరి వరుస పక్కన ఆపింది. ముందుకొచ్చి, మైకు తీసి టేబుల్ మీద పడుకోబెట్టింది.

“నేనా రోజు వాటా అడగలేదయ్యా. బాట అడిగాను. మెట్ల పక్కన మా అక్క కుర్చీ పట్టేంత బాట.”

వాటా కాదు, బాట! మైకు కుయ్యోమన్న ఆ ఒక్క మాటకు ఏడాదిపాటు కంచె కట్టుకున్నాం. ఆఫీసరుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. టైర్ల షాపు బాబాయి మొహంలో గాలంతా పోయింది. ఆయన లేచాడు. పెద్దమ్మ వైపు చూశాడు.

“బాట వెయ్యాల్సిందే. కాకపోతే, అందులో మా వాటా ఎంత?”

మంచి ప్రశ్న! అందరం కుర్చీలు ముందుకు జరుపుకున్నాం. చక్రాలున్న కుర్చీ ఒక్కటే ఉన్నచోట ఉండిపోయింది.