తోడు నడక

"మా వంశంలో ఇంతవరకు ఎవరికీ చక్కెర జబ్బు రాలేదు, ఎవరూ వీధిలో కాలినడకన పోలేదు!"

సోలో నగరంలో పాత రాజకోట వెనక వీధిలో ఉండే సుర్తినా గారు ఈ రెండు ఘనతలనూ ఒకే ఊపిరిలో ప్రకటించారు. ఎదురుగా ఆరో నెల కడుపుతో కోడలు నింగ్రుం నిలబడి ఉంది. కడుపుతో పాటు చక్కెర కూడా వచ్చిందనీ, భోంచేశాక రోజూ అరగంట నడవమనీ, నడకకు దిగిరాకపోతే సూదులు తప్పవనీ డాక్టరమ్మ చెప్పి పంపింది.

"అత్తయ్యా, ఇలాగే ఉంటే బిడ్డకి మంచిది కాదట."

"మెల్లిగా! పక్కింటి విదారి వింటే ఊరంతా టముకు వేస్తుంది. నీకొచ్చింది చక్కెర కాదు, నీరసం. ఇదిగో, తియ్యటి టీ తాగు."

భర్త అజి మాత్రం, "అమ్మ చెప్పినట్టు విను, డాక్టరు చెప్పినట్టూ విను" అని ఇద్దరికీ న్యాయం చేసి ఆఫీసుకి పోయాడు.

నింగ్రుంకి బిడ్డ గురించి నిజంగానే భయం వేసింది. చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది. కారు లేక నడుస్తోందని నలుగురూ అనుకుంటారేమోనని అత్తగారు డ్రైవరు గిమాన్‌ని కారుతో సహా వెనకే పంపారు. ముందు కోడలు, వెనక నత్తలా కారు, అందులోంచి "ఎక్కండమ్మగారూ, ఎక్కండి!" అని గిమాన్ బతిమాలాట! సాయంత్రానికి వీధిలో కథ తయారైంది. సుర్తినా గారి కోడలు అలిగి పుట్టింటికి పోతుంటే డ్రైవరు కాళ్లావేళ్లా పడి వెనక్కి తెచ్చాడట!

దాంతో వీధి నడక రద్దయింది. ఇంట్లోనే నడవమన్నారు. ఆ ఇంట్లో తాతల నాటి టేకు కుర్చీలదే రాజ్యం. మోకాళ్లు కమిలాయి గాని చక్కెర దిగలేదు. "వారం చూసి సూదులు మొదలుపెడదాం" అంది డాక్టరమ్మ. తిరిగొస్తూ కారులో నింగ్రుం ఏడ్చేసింది.

"ఏడవకండమ్మగారూ. మనల్ని ఎవరూ ఎరగని చోటికి పోదాం" అన్నాడు గిమాన్. మర్నాడు భోజనం కాగానే ఊరవతల జలాశయం కట్ట దగ్గర దించాడు. నడవడానికి అంత దూరం కారెక్కి పోవడం ఆ వంశంలో అదే మొదలని నింగ్రుం అనుకుంది.

కట్ట మీద ముఖానికి గుడ్డ చుట్టుకుని, తెల్లబూట్లేసుకుని ఒకావిడ విసవిసా ఎదురొచ్చింది. విదారి!

"అమ్మాయ్, నీకు దండం పెడతాను, మీ అత్తకి చెప్పకు! నాకు చక్కెరని తెలిస్తే ఆవిడ నన్ను బతకనిస్తుందా?"

నింగ్రుం నోరు తెరిచేలోగా వెనక నుంచి ఎవరో ఆయాసపడుతూ వచ్చి ఆగారు. నల్ల కళ్లద్దాలు, పెద్ద టోపీ, కాళ్లకి అజి పాత బూట్లు. మేనత్తని పరామర్శించి వస్తానని రిక్షా ఎక్కిన సుర్తినా గారు!

ముందుగా తేరుకున్నది సుర్తినా గారే.

"చూడు విదారీ, కడుపుతో ఉన్న పిల్లని ఒంటరిగా ఎలా పంపను? తోడొచ్చాను."

"నేనూ అంతే అక్కయ్యా! దారిలో కనిపిస్తే మనసాగక వెంటపడ్డాను."

"అవునండీ, మీరిద్దరూ లేకపోతే అడుగు వేయలేను. రోజూ రావాలి మరి" అంది నింగ్రుం, చాలా అమాయకంగా.

మర్నాటి నుంచి అత్తగారే తలుపు బాదడం మొదలుపెట్టారు. "లే లే! తిని కూర్చుంటే బిడ్డ గతేం కాను? నీ కోసం నా కాళ్లు అరగదీసుకుంటున్నాను!" ఇంట్లో టీలో పంచదార మాయమైంది. పాపం, కడుపుతో ఉన్న పిల్ల చూస్తుండగా తియ్యటిది ఎలా తాగుతారు! నెల తిరిగేసరికి వీధిలో వంశగౌరవం గల ఆడవాళ్లందరికీ నింగ్రుం మీద జాలి పుట్టుకొచ్చింది. కట్ట పొడుగునా కార్లు నిలిచాయి. మధ్యలో ఒక గర్భిణి, చుట్టూ ఆయాసపడుతూ అంతమంది తోడు!

సూదుల అవసరం రాలేదు. ఆడపిల్ల చక్కగా పుట్టింది. పేరుపెట్టే రోజున తోడొచ్చిన వాళ్లంతా ఉయ్యాల చుట్టూ చేరారు గాని, ఎవరి ముఖంలోనూ కళ లేదు.

"డాక్టరమ్మ ఏమంది?" అడిగారు సుర్తినా గారు.

"నాకు చక్కెర పూర్తిగా పోయిందంది అత్తయ్యా."

విదారి సుర్తినా గారిని మోచేత్తో పొడిచింది. ఆవిడ కోడలి తల ఆప్యాయంగా నిమిరి అన్నారు:

"మరి రెండో కాన్పు ఎప్పుడు పెట్టుకుందామమ్మా?"